సాదా పెట్రోలా? ప్రీమియం పెట్రోలా?

గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద సుపేలా మొదలుకొని పవర్ హౌస్ వరకు ఏ పెట్రోలు బంకు వద్ద కారు ఆపినా, గొట్టము చేతబట్టిన కుర్రవాడు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "సాబ్, సాదా యా ప్రీమియం?" ఈ ప్రశ్నకు ఆలోచించి జవాబు చెప్పేవారు మనలో తక్కువ. కొత్త కారు కొన్నవారు మొదటి ఆరు నెలలు ప్రీమియం పోయించి, ఆ తరువాత నెల జీతమును తలచుకొని సాదాకు దిగుతారు. కొందరు దూరప్రయాణానికి ముందు మాత్రము ప్రీమియం పోయిస్తారు. వెనుక సీటులో వియ్యాలవారు కూర్చున్న రోజున సాదా అని చెప్పడానికి నోరు రానివారు కూడా ఉన్నారు.

మన టౌన్‌షిప్‌లో ఒకప్పుడు షిఫ్టు సైరను మోగగానే సైకిళ్ళ వరుసలు కర్మాగారపు గేటు వైపు సాగేవి. తరువాత స్కూటర్లు వచ్చాయి. నేడు సెక్టారు క్వార్టర్ల ముందు మామిడిచెట్టు నీడన కారు లేని ఇల్లు వెదకవలసి ఉన్నది. కనుక ఈ ప్రశ్న ప్రతి కుటుంబపు నెలసరి ఖర్చుకు సంబంధించినది. యంత్రశాస్త్రము చదివిన వారముగా ఇందులోని నిజానిజాలను సహోద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు వివరించుట ఈ వ్యాసపు ఉద్దేశము. ఈ విషయమున మేమే చేసిన ఒక పొరపాటు కూడా ఉన్నది. దానిని దాచక చెప్పుట మా బాధ్యత అని భావిస్తున్నాము.

ఆక్టేన్ అనగా ఇంధనపు ఓర్పు

సాదా పెట్రోలుకు, ప్రీమియం పెట్రోలుకు ముఖ్యమైన తేడా ఆక్టేన్ సంఖ్యలో ఉన్నది. ఈ సంఖ్య పెరిగితే పెట్రోలుకు బలము పెరుగునని చాలామంది నమ్మకము. అది సరికాదు. లీటరు పెట్రోలును మండించినప్పుడు వెలువడే ఉష్ణశక్తి సుమారు 32 మెగాజౌళ్ళు. ఆక్టేన్ సంఖ్య 91 అయినా 95 అయినా ఇందులో చెప్పుకోదగిన తేడా ఉండదు. ఆక్టేన్ సంఖ్య కొలిచేది ఇంధనపు ఓర్పును.

ఇంజను సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసిన మిశ్రమమును పిస్టను పైకి వచ్చి అదుముతుంది. అదిమిన వాయువు వేడెక్కుతుంది. ఆ సమయమున స్పార్కు ప్లగ్గు నిప్పురవ్వను వదులుతుంది. అక్కడ పుట్టిన మంట ఒక అంచుగా సాగి, మిశ్రమమునంతటినీ క్రమముగా మండించి, పిస్టనును క్రిందికి నెట్టవలెను. అయితే మంట సాగుతున్న కొద్దీ, దూరపు మూలన ఇంకా మండని మిశ్రమము మరింత అదుముడుపడి మరింత వేడెక్కుతుంది. ఆ ఇంధనమునకు ఓర్పు చాలకపోతే మంట తనను చేరకముందే అది తనంతట తాను భగ్గుమంటుంది. అప్పుడు పుట్టిన పీడన తరంగాలు సిలిండరు గోడలను సుత్తితో కొట్టినట్లు కొడతాయి. రేకు డబ్బాలో గులకరాళ్ళు కదిలించినట్లు వినిపించే ఆ శబ్దమునే నాకింగ్ అంటారు. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు ఎక్కువైనప్పుడు, పై గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కినప్పుడు, మన భిలాయి మే నెల ఎండలో ఇది ఎక్కువగా వినిపిస్తుంది. చాలాకాలము కొనసాగితే పిస్టను పైభాగము కొరికివేసినట్లు అవుతుంది, రింగులు విరుగుతాయి.

ఈ ఓర్పును కొలిచేందుకు 1920ల చివరలో అమెరికాలో ఒక కొలబద్ద ఏర్పడినది. ఐసో-ఆక్టేన్ అను ద్రవము నాకింగ్‌ను బాగా తట్టుకుంటుంది, దానికి 100 మార్కులు. నార్మల్ హెప్టేన్ ఏమాత్రము తట్టుకోలేదు, దానికి 0. పరీక్షకు వచ్చిన పెట్రోలు, 91 పాళ్ళు ఐసో-ఆక్టేను, 9 పాళ్ళు హెప్టేను కలిపిన మిశ్రమము వలె ప్రవర్తించినచో దాని ఆక్టేన్ సంఖ్య 91. కంప్రెషన్‌ను ఇష్టము వచ్చినట్లు మార్చగల ఒంటి సిలిండరు ఇంజనులో ఈ పరీక్ష నేటికీ జరుగుతున్నది.

అమెరికాలో ఉన్న పిల్లలు "మా కారుకు 87 పోయిస్తాము" అని చెప్పగా, అక్కడి పెట్రోలు మన దానికన్న నాసి అని ఒక మిత్రుడు మాతో వాదించారు. పొరపాటు. మన దేశములో వ్రాసేది రిసర్చ్ ఆక్టేన్ సంఖ్య. అమెరికా బంకుల మీద వ్రాసేది రెండు పరీక్షల సగటు. మన 91 అక్కడి 86, 87లకు దాదాపు సమానము.

మంచి బొగ్గు, తగిన పొయ్యి

అట్లయిన అధిక ఆక్టేన్ పెట్రోలు వలన ప్రయోజనము లేదా? ఉన్నది, దానిని కోరుకునే ఇంజనుకు మాత్రమే. ఇంజను మిశ్రమమును ఎంతగా అదిమితే అంత ఎక్కువ ఉష్ణము పనిగా మారుతుంది. ఆదర్శ ఆటో చక్రపు లెక్క ప్రకారము కంప్రెషన్ నిష్పత్తి 8 అయినప్పుడు సామర్థ్యము 56 శాతము, 10 అయినప్పుడు 60 శాతము, 12 అయినప్పుడు 63 శాతము. నిజమైన ఇంజనులో ఇవి ఇంకా చాలా తక్కువగా ఉంటాయి గాని, పెరిగే దిశ అదే. కాని ఎక్కువ అదిమితే నాకింగ్ వస్తుంది, దానికి తగిన ఓర్పుగల పెట్రోలు కావలెను. అనగా లాభము కంప్రెషన్ నుండి వస్తుంది. ఆక్టేన్ దానికి అనుమతిపత్రము వంటిది. 8 నిష్పత్తి ఇంజనులో 100 ఆక్టేన్ పోసినంత మాత్రమున అది 12 నిష్పత్తి ఇంజను కాజాలదు.

మన కర్మాగారములో పనిచేసేవారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. ఓడలలో దిగుమతి అయ్యే ప్రథమశ్రేణి కోకింగ్ బొగ్గు కోక్ ఒవెన్లకు బంగారము వంటిది. దానిని తెచ్చి విద్యుత్కేంద్రపు బాయిలరులో కాల్చితే యూనిట్లు పెరుగుతాయా? కోకుగా మారగల గుణమునకు మనము ధర చెల్లించాము, బాయిలరుకు ఆ గుణముతో పనిలేదు. ప్రీమియం పెట్రోలు సంగతి కూడా ఇంతే.

యుద్ధచరిత్రలో ఇందుకొక ఉదాహరణ ఉన్నది. 1940లో బ్రిటిషు వాయుసేన తన యుద్ధవిమానాలకు 100 ఆక్టేన్ పెట్రోలు వాడినది. మెర్లిన్ ఇంజనుల శక్తి గణనీయముగా పెరిగినది. అయితే అది పెట్రోలు మార్చినందువలన మాత్రమే కాదు. అంతకుముందు చదరపు అంగుళానికి 6.25 పౌండ్లు ఉన్న సూపర్‌ఛార్జరు పీడనపు హద్దును 12 పౌండ్లకు పెంచినందువలన. కొత్త ఇంధనము ఆ పెంపును తట్టుకోగలిగినది.

కోక్ ఒవెన్ల నుండి పెట్రోలు టాంకు వరకు

మన కోక్ ఒవెన్లకు, ప్రీమియం పెట్రోలుకు పాత చుట్టరికము ఉన్నదని చెబితే చాలామంది ఆశ్చర్యపడతారు. బొగ్గును కోకుగా మార్చేటప్పుడు వెలువడే వాయువు నుండి బెంజాల్ లభిస్తుంది. అందులో ఉండే బెంజీను, టోలుయీను, జైలీనులకు నాకింగ్‌ను తట్టుకునే శక్తి సహజముగానే ఎక్కువ. అందువలన ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో ఐరోపాలో కోక్ ఒవెన్ల బెంజాలును పెట్రోలులో కలిపి మేలిరకముగా అమ్మేవారు. జర్మనీలో 1924లో పుట్టిన ఆరాల్ అను పేరు, ఆరోమాటిక్, ఆలిఫాటిక్ అను రెండు రసాయన కుటుంబాల పేర్ల తొలి అక్షరాల కలయిక. అనగా ఆనాటి ప్రీమియం పెట్రోలు ఉక్కు పరిశ్రమ ఇంట పుట్టిన బిడ్డ. బెంజీను క్యాన్సరు కారకమని తరువాత తెలిసినది. నేటి మన పెట్రోలులో అది 1 శాతమునకు మించరాదు.

ఇంతకన్న చేదు కథ సీసానిది. 1921 డిసెంబరులో అమెరికాలోని డేటన్ నగరమున థామస్ మిడ్జ్లీ, టెట్రాఇథైల్ లెడ్ అను సీసపు సమ్మేళనమును కొద్దిగా కలిపితే నాకింగ్ ఆగునని కనుగొన్నాడు. 1923లో అది బంకులకు వచ్చినది. 1924లో న్యూజెర్సీలోని ఒక శుద్ధి కర్మాగారమున దానిని తయారుచేస్తున్న అయిదుగురు కార్మికులు విషప్రభావముతో మరణించారు. అయినా దాని వాడకము ఆగలేదు. సీసము పొగగొట్టము గుండా వీధులలోకి, పసిపిల్లల రక్తములోకి చేరి వారి మేధస్సుకు హాని చేస్తుందని నిర్ధారణ అగుటకు దశాబ్దాలు పట్టినది. మన దేశములో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలలో సీసము లేని పెట్రోలు ప్రవేశించినది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసపు పెట్రోలు నిలిచిపోయినది. అప్పటికి మన భిలాయి ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉన్నది. ప్రపంచములో చివరిదైన అల్జీరియా 2021 జూలైలో దానిని వదిలినది.

ఇందులో గమనించవలసిన విషయమొకటి కలదు. నాకింగ్‌ను ఆపుటకు ఆల్కహాలు పనికివచ్చునని మిడ్జ్లీ కాలములోనే తెలుసు. నూరేళ్ళు తిరిగి, సీసము పోయి, ఆ ఆల్కహాలే ఇథనాలు రూపమున మన టాంకులలోకి వచ్చి చేరినది.

అంకెలు మారిన తీరు

మా వయస్సువారికి బంకు మీద 87, 93 అను అంకెలు జ్ఞాపకముండవచ్చును. ఆ తరువాత చాలాకాలము సాదా పెట్రోలు 88 ఆక్టేన్‌గా ఉన్నది. అనంతరము అది 91కి పెరిగినది. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణము ఇంధనములోని గంధకమును పది లక్షల పాళ్ళలో 50 నుండి 10 పాళ్ళకు తగ్గించినది. ఇథనాలు వాటా 2022 నాటికి 10 శాతమునకు చేరినది. 2023 ఫిబ్రవరిలో 20 శాతము కలిపిన పెట్రోలు బంకులకు వచ్చుట ఆరంభమై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించినది. ఇథనాలు ఆక్టేన్ సంఖ్య సుమారు 108. అందువలన ఈ మిశ్రమపు ఆక్టేన్ సంఖ్య దాదాపు 95కు చేరినదని 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వశాఖ ప్రకటించినది.

ఈ ప్రకటనలోని భావమును పాఠకులు నిదానముగా గ్రహించవలెను. నిన్నటి దాకా 95 ఆక్టేన్ కొరకు అదనపు ధర చెల్లించినవారికి నేడు దాదాపు అదే ఓర్పు సాదా గొట్టము నుండే వస్తున్నది.

ఇక ప్రీమియం అను పేరు క్రింద రెండు రకాల సరుకు కలదు. మొదటిది అధిక ఆక్టేన్ గలది. ఇండియన్ ఆయిల్ వారి ఎక్స్‌పి95, 2020 డిసెంబరు 1న పది నగరాలలో ప్రారంభమైన ఎక్స్‌పి100 ఇందుకు ఉదాహరణలు. రెండవది ఇంజెక్టర్లలో మసి పేరుకొనకుండా కడిగే రసాయనాలు కలిపినది. ఒక్కొక్కప్పుడు రెండు గుణాలూ ఒకే సరుకులో ఉంటాయి. స్పీడు, పవరు వంటి పేర్లు చెవికి ఇంపుగా ఉన్నా, మనము చూడవలసినది పేరు ప్రక్కన ఉన్న అంకెను. కడిగే రసాయనాల వలన కొంత మేలు ఉన్నమాట నిజమే. అయితే పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే కొత్త ఇంజనులలో ఆ పెట్రోలు ఇన్‌లెట్ వాల్వుల మీదుగా పోదు. కనుక అక్కడి మసిని అది కడుగజాలదు.

మా పొరపాటు

ఇప్పుడు మా సంగతి. కొన్నేళ్ళ క్రితము మా కారు పాతబడి, ఎత్తులెక్కేటప్పుడు గులకరాళ్ళ చప్పుడు చేయసాగినది. ఇంజనీరు అను అహంకారముతో మెకానిక్కు వద్దకు పోక, "నాకింగ్ అంటే ఆక్టేన్ చాలకపోవుటయే గదా" అని తీర్మానించి ప్రీమియం పోయించుట మొదలుపెట్టాము. చప్పుడు తగ్గినది. మా విద్య ఫలించినదని సంతోషించాము. ప్రక్క క్వార్టరు మిత్రునికి కూడా అదే సలహా ఇచ్చాము.

ఆ సంక్రాంతికి వృద్ధురాలైన మా తల్లిగారిని వెంటబెట్టుకొని శ్రీకాకుళము జిల్లాలోని స్వగ్రామమునకు బయలుదేరాము. ధమ్‌తరి, కాంకేర్ దాటి కేశ్‌కాల్ ఘాటు మలుపులు ఎక్కుతుండగా ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీతను దాటినది. మరుక్షణమున బానెట్ క్రింది నుండి ఆవిరి లేచినది. చీకటి పడుతున్నది. ముందు ఒక లారీ, వెనుక ఒక లారీ, రోడ్డు ప్రక్క లోయ. ఒక లారీ డ్రైవరు దయతలచి తాడు కట్టి మా కారును ఘాటు పైకి లాగి, ఊరిలో ఒక చిన్న షెడ్డు వద్ద విడిచి, టీ డబ్బులు కూడా తీసుకొనక వెళ్ళిపోయాడు.

మరునాడు ఉదయము మెకానిక్కు రేడియేటరు విప్పి చూపగా మాకు తల ఎత్తుకొన వీలు లేకపోయినది. గొట్టాలలో సున్నపు గార పేరుకుపోయి ఉన్నది. ఫ్యాను రిలే పనిచేయుట లేదు. సిలిండరు హెడ్డు గాస్కెటు పేలిపోయినది. కూలెంటు ఖర్చెందుకని ఏళ్ళ తరబడి కుళాయి నీరు పోసిన ఫలితమది. కర్మాగారములో కొలిమికి, మిల్లుకు శుద్ధిచేయని నీటిని శీతలీకరణకు పంపరాదని కొత్త ట్రెయినీలకు పాఠము చెప్పే మేము, మా ఇంటి ముందున్న యంత్రమునకు మాత్రము ఆ పాఠము వర్తించదనుకున్నాము.

ఇంజను వేడెక్కుతున్నందువలన నాకింగ్ వచ్చినది. అది ప్రమాదసూచన. ప్రీమియం పెట్రోలు తన ఓర్పుతో ఆ చప్పుడును అణచినదే గాని, వేడిని అణచలేదు. కర్మాగారములో బేరింగు ఉష్ణోగ్రత అలారము మోగినప్పుడు ఎవరైనా అలారము తీగ కత్తిరిస్తే అతనిని మనము ఏమంటాము? మేము చేసినది సరిగ్గా అదే పని. పైగా ఆ తీగ కత్తిరించుటకు లీటరు లీటరుకు అదనపు డబ్బు చెల్లించాము.

విడిభాగము జగదల్‌పూర్ నుండి వచ్చి, మరమ్మతు ముగిసి, మేము ఊరు చేరునప్పటికి కనుమ వెళ్ళిపోయినది. ఆ భోగి మంటను మా తల్లిగారు చూడలేకపోయారు. మరుసటి సంక్రాంతికి ఆమె లేరు.

ఆ ప్రయాణము తరువాత మేము మొదట చేసిన పని, ప్రక్క క్వార్టరు మిత్రుని ఇంటికి వెళ్ళి మా సలహాను వెనుకకు తీసుకొని, అతని కారును మెకానిక్కుకు చూపించుట. ఇప్పుడు ఈ వ్యాసము వ్రాయుటకు కారణము కూడా అదే.

ఏ కారుకు ఏది?

ఈ నిర్ణయము బంకు వద్ద చేయవలసినది కాదు. కారు రూపొందించినవారే చేసి, యజమాని పుస్తకములో వ్రాసి ఉంచారు. చాలా కార్లలో పెట్రోలు మూత లోపలి వైపున కూడా ఆ వివరము అంటించి ఉంటుంది. అక్కడి భాషను మూడు విధాలుగా అర్థము చేసుకొనవచ్చును.

మొదటిది: "91 లేక అంతకు పైన". మన మధ్యతరగతి కుటుంబాల కార్లలో అత్యధికము ఈ కోవకు చెందినవి. వీటికి సాదా పెట్రోలే తగినది. ప్రీమియం వలన హాని లేదు, చెప్పుకోదగిన లాభము కూడా లేదు.

రెండవది: "95 మేలు, 91 కూడా వాడవచ్చును". కొన్ని టర్బో ఇంజనులు ఇట్టివి. ఇంజను గోడకు బిగించిన నాక్ సెన్సరు నాకింగ్‌ను పసిగట్టి కంప్యూటరుకు తెలియజేస్తుంది. కంప్యూటరు నిప్పురవ్వ సమయమును వెనుకకు జరిపి ఇంజనును కాపాడుతుంది. అప్పుడు శక్తి, మైలేజి కొంత తగ్గుతాయి. నిండు బరువుతో ఘాటు రోడ్డు ఎక్కేవారికి ఇక్కడ అధిక ఆక్టేన్ పనికి రావచ్చును.

మూడవది: "95కు తక్కువ వాడరాదు". ఖరీదైన కొన్ని విదేశీ కార్లకు, అధిక కంప్రెషన్ గల కొన్ని మోటారు సైకిళ్ళకు ఇట్టి షరతు ఉంటుంది. అక్కడ పొదుపు చూడరాదు. ఇంజను ఖరీదు ముందు పెట్రోలు తేడా ఎంత?

మనలో ఎక్కువమంది నడిపే స్కూటర్లకు, సాధారణ మోటారు సైకిళ్ళకు సాదా పెట్రోలు చాలును.

కోరాపుట్ మీదుగా సాలూరు దారిన ఆంధ్రాకు వెళ్ళేవారికి ఒక మాట. ఎత్తైన ప్రదేశములో గాలి పలుచబడుతుంది. టర్బో లేని ఇంజను పీల్చే గాలి తగ్గి, సిలిండరు పీడనము తగ్గి, నాకింగ్ భయము కూడా తగ్గుతుంది. "కొండదారి గదా" అని ప్రత్యేకముగా ప్రీమియం నింపుట కన్న బయలుదేరే ముందు కూలెంటు మట్టము, ఫ్యాను, బ్రేకులు చూసుకొనుట శ్రేయస్కరము. ఎత్తు ఎక్కేటప్పుడు క్రింది గేరు వేసుకొనుట కూడా నాకింగ్‌కు ఖర్చులేని మందు.

కాగితము మీద లెక్క

నెలకు 600 కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చినచో నెలకు 40 లీటర్లు కావలెను. సాదా పెట్రోలు లీటరు 100 రూపాయలు, ప్రీమియం 108 రూపాయలు అనుకుందాము. అదనపు ఖర్చు నెలకు 320 రూపాయలు, ఏడాదికి 3,840 రూపాయలు, కారు పదేళ్ళు నడిచినచో 38,400 రూపాయలు. ఈ ఖర్చు గిట్టుబాటు కావలెనంటే మైలేజి 8 శాతము పెరిగి 15 నుండి 16.2కు చేరవలెను. సాదా పెట్రోలు కొరకే రూపొందిన ఇంజనులో అంత పెరుగుదలకు శాస్త్రీయమైన ఆధారము లేదు. మార్కు పేరు గల పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజు సుంకము కూడా కొంత ఎక్కువ. కనుక మనము చెల్లించే అదనపు సొమ్ములో కొంత భాగము పెట్రోలు గుణమునకు కాక పన్నుకు పోతుంది.

నమ్మకము కుదరనివారు తామే పరీక్షించుకొనవచ్చును. ఒకే బంకులో, ఒకే గొట్టము వద్ద, గొట్టము దానంతట అది ఆగే వరకు నింపించి కిలోమీటర్ల అంకె వ్రాసుకొనవలెను. మరల నింపునప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరమును భాగించవలెను. ఒక టాంకుతో తేల్చరాదు. సాదాతో మూడుసార్లు, ప్రీమియంతో మూడుసార్లు చేసి సగటు చూడవలెను. టైర్ల గాలి, ఏ.సి. వాడకము ఒకే తీరుగా ఉండవలెను. మేము బాగుచేయించిన కారుతో ఇట్లు చేసి చూడగా, రెండింటి నడుమ కనిపించిన తేడా ట్రాఫిక్కు వలన వచ్చే తేడాను మించలేదు.

ఇథనాలు గురించి రెండు మాటలు

"మైలేజి పడిపోయినది, ప్రీమియం పోయిస్తే సర్దుకొనునా?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. లీటరు ఇథనాలులో ఉష్ణశక్తి సుమారు 21 మెగాజౌళ్ళు, అనగా పెట్రోలులో మూడింట రెండు వంతులు. 20 శాతము కలిపినప్పుడు లీటరులోని శక్తి దాదాపు 7 శాతము తగ్గుతుంది. పాత కార్లలో 6 నుండి 7 శాతము, 20 శాతమునకు అనుగుణముగా సర్దిన కార్లలో 1 నుండి 2 శాతము మైలేజి తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే అంచనా వేసినది. ప్రీమియం అను పేరు ఉన్నంత మాత్రమున అందులో ఇథనాలు లేదని అర్థము కాదు. ఇథనాలు లేని 100 ఆక్టేన్ రకము ధర చాలా ఎక్కువ. ఆరేడు శాతము మైలేజి కొరకు అంత ధర పెట్టుట లెక్కకు నిలువదు.

2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లు గలవారు రబ్బరు గొట్టాలను, సీళ్ళను సర్వీసింగు సమయమున ప్రత్యేకముగా చూపించుకొనవలెను. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. వానాకాలములో వారాల తరబడి కారు కదపనివారు టాంకులో పాత పెట్రోలును అట్లే నిలువ ఉంచరాదు. మన ఛత్తీస్‌గఢ్‌కు వరి గిన్నె అని పేరు. నేడు విరిగిన బియ్యము, మొక్కజొన్న, చెరకు ఇథనాలుగా మారుతున్నవి. దేశపు చమురు దిగుమతి తగ్గుటకు, రైతుకు ఆదాయము పెరుగుటకు అది మంచిదే. వినియోగదారునిగా మన వాహనమును దానికి తగినట్లు చూసుకొనుట మన వంతు.

ముగింపు

ప్రీమియం పెట్రోలు మోసము కాదు, అమృతము కూడా కాదు. అది ఒక ప్రత్యేకమైన ఇంజను కొరకు తయారైన సరుకు. మన ఇంజనుకు అది అవసరమైతే వెనుకాడకుండా వాడవలెను. అవసరము లేనిచో ఆ నెలకు మిగిలే మూడు వందల రూపాయలను కూలెంటుకు, సకాలములో ఆయిలు మార్పుకు, ఏడాదికొకసారి ప్లగ్గుల పరీక్షకు కేటాయించవలెను. ఇంజను ఆయుష్షును పెంచేవి అవే. ఇంజను కొత్తగా ఏదైనా చప్పుడు చేసినప్పుడు దానిని పెట్రోలుతో నోరు మూయించక, అది ఏమి చెబుతున్నదో మెకానిక్కు చేత వినిపించుకొనవలెను.

ఈసారి బంకులో కుర్రవాడు "సాదా యా ప్రీమియం?" అని అడిగినప్పుడు తొందరపడి జవాబు చెప్పకండి. కారు దిగి, పెట్రోలు మూత తెరచి, లోపలి వైపు అంటించిన చిన్న కాగితమును ఒక్కసారి చదవండి. జవాబు అక్కడే ఉన్నది.